తనను ఓడించిన తీర్మానానికి నీళ్లు మోసిన మేడమ్

మా మేడమ్ పోయారన్న కబురు నాకు ఎర్రమల కొండల అంచున, కళ్లు మూసుకుని నిలబడ్డ విద్యార్థుల మధ్య తెలిసింది. మొదటి సంవత్సరం పిల్లలకు బెరడును వేళ్లతో తడిమి చెట్టు పేరు చెప్పడం నేర్పిస్తున్నాను. ఎండ ఇంకా ముదరలేదు. ఫోన్ మోగింది. కడప నుంచి మేడమ్ చెల్లెలు.

"అక్క పోయిందప్పా. నిద్దట్లోనే. పొద్దున టీ తీస్కపోయి పిలిస్తే పలకల్యా" అంది.

ఫోన్ జేబులో పెట్టుకుని తలెత్తితే, పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో చెట్టుకు చేయి ఆనించి, నేను చెప్పేదాకా కళ్లు తెరవకూడదని అలాగే నిలబడి ఉన్నారు. ఎవరి ముఖంలోనూ తొందర లేదు. కొమ్మల సందుల్లోంచి పడుతున్న వెలుగు వాళ్ల భుజాల మీద కదులుతోంది. చాలాసేపు వాళ్లనలాగే ఉండనిచ్చాను. నా ముఖం ఎవరూ చూడని ఆ కాస్త సమయం నాకు కావలసివచ్చింది.

కర్నూలు శివార్లలోని మా అటవీ విద్యా కళాశాలకు ఆమె చాలా ఏళ్లు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అంతకుముందు నాకు చదువు చెప్పారు. మేమంతా మేడమ్ అనే పిలిచేవాళ్లం. కోడుమూరులో మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. ఏ ఆకు చేతికిచ్చినా ముందు కళ్లతో చూసేవారు కాదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, చీర కొంగు నాణ్యం చూసినట్టు మెల్లగా రుద్దేవారు. వాళ్ల నాయన నేర్పింది అదొక్కటేననీ, మిగతాదంతా యూనివర్సిటీ నేర్పిందనీ చెప్పి నవ్వేవారు. బయటి సంస్థల నుంచి ఒప్పంద పత్రాలు వస్తే వాటినీ అలాగే తడిమి చూసేవారు.

"ఇంత మందం కాగితం వాడినారంటే లోపల ఏందో పల్చగా ఉంటాదప్పా. రెండుసార్లు చదువు" అని ఒకసారి నాతో అన్నారు.

ఆమె ప్రిన్సిపాల్‌గా రాకముందు మా అధ్యాపక మండలి పేరుకే ఉండేది. ఏడాదికోసారి కూర్చుని, సమోసాలు తిని, అప్పటికే రాసిపెట్టిన తీర్మానాల కింద సంతకాలు పెట్టి లేచేవాళ్లం. ఏ కంపెనీతో ఒప్పందం, ఏ శాఖతో భాగస్వామ్యం అన్నది ప్రిన్సిపాల్ గదిలోనే తేలిపోయేది. మేడమ్ వచ్చిన మొదటి నెలలోనే ఆ పద్ధతి మార్చారు. బయటివాళ్లతో చేతులు కలిపే ఏ విషయమైనా మండలి ముందుకు రావాలి. ఆ పని ఎవరి బతుకును తాకుతుందో వాళ్ల దగ్గరికి వెళ్లి ఒక రోజు కూర్చుని రావాలి. మండలిలో అందరికంటే చిన్నవాళ్లు ముందు మాట్లాడాలి. పెద్దవాళ్లు ముందు మాట్లాడితే చిన్నవాళ్లు ఆ మాటకే తల ఊపుతారని ఆమె అనుభవం.

సమావేశం మొదలయ్యే ముందు ఆమె లేచి వెళ్లి ఫ్యాను ఆపేసేవారు. కర్నూలు ఎండల్లో ఫ్యాను ఆపడమంటే మాటలు కాదు. ఒక సీనియర్ ప్రొఫెసరు కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ, "ఇదేం శిక్ష మేడమ్" అన్నాడు. "ఈ ఫ్యాను సప్పుడుకు సిన్నగా మాట్లాడేటోళ్ల మాట నాకు ఇనపడదు సార్. గట్టిగా మాట్లాడేటోళ్లది ఎట్లైనా ఇనపడతాది" అన్నారామె. తను మాత్రం టేబుల్ తలాపున కాక తలుపు పక్కనున్న కుర్చీలో కూర్చునేవారు. తెరిచిన కిటికీల్లోంచి వేపపూత వాసన వచ్చేది. ఆ ఉక్కలో, ఆ నిశ్శబ్దంలో, మా మాటలు మాకే కొత్తగా వినిపించేవి. ఇప్పుడు తలచుకుంటే ఆ మధ్యాహ్నాలన్నీ ఒకే పొడవాటి మధ్యాహ్నంలా అనిపిస్తాయి.

ఆమె గురించి చెప్పాలంటే బేతంచెర్ల కొండ గురించి చెప్పాలి. అది చెప్పాలంటే నేను మండలిలో ఆమెకు వ్యతిరేకంగా చేయి ఎత్తిన రోజు గురించి చెప్పక తప్పదు.

బేతంచెర్లలో బండలు తీసి పాలిష్ పట్టే కంపెనీ ఒకటి మా దగ్గరికి వచ్చింది. వాళ్ల గని పక్కన ఒక కొండవాలు ఉంది. రాతి ముక్కలు, పొడి పోసి పోసి సగం వాలు తెల్లబారిపోయింది. దాన్ని పచ్చగా చేయాలన్నది వాళ్ల కోరిక. మొక్కలు మా కళాశాల పెట్టాలి, చుట్టూ కంచె, నీళ్ల ట్యాంకర్లు వాళ్లవి. బదులుగా మాకు కలప పరిశోధనకు ఒక ల్యాబు కట్టిస్తామన్నారు.

కలప నా సబ్జెక్టు. అప్పుడు నేను చేరి మూడేళ్లు. నేను సేకరించిన కలప ముక్కలన్నీ కారే రేకుల షెడ్డులో బూజు పడుతున్నాయి. ప్రతి వానకూ ఒక అర తడిసేది. ల్యాబు అనే మాట విన్నప్పటి నుంచి నాకు వేరే ఆలోచన లేదు. పొద్దున లేస్తే ఆ గది కళ్ల ముందు ఉండేది. దాని అరలు, దాని వెలుతురు, అందులో ఆరిన చెక్క వాసన.

పద్ధతి ప్రకారం మేడమ్ ఆ కొండ మీద ఒక రోజు కూర్చోవడానికి వెళ్లారు. నన్నూ తీసుకెళ్లారు. బేతంచెర్లలో బస్సు దిగితే అంతటా తెల్లటి పొడి. చెట్ల ఆకుల మీద, లారీల మీద, టీ బంకు రేకుల మీద. పట్టపగలే వెన్నెల కాసినట్టుంటుంది ఆ ఊరు. కొండ మొదట్లో లింగమ్మ కనపడింది. అరవై దాటిన మనిషి. ఆ వాలు మీద ముప్పై ఏళ్లుగా గొర్రెలు, మేకలు మేపుతోంది. ఆమెతో పాటు ఇంకో ఏడెనిమిది ఇళ్ల జీవాలు కూడా అక్కడే మేస్తాయి. కొండకు అవతలి పక్క ఒక ఊట ఉంది. జీవాలకు నీళ్లు అక్కడే. వాలు చుట్టూ కంచె వేస్తే ఆ ఊటకు పోయే దారి మూసుకుపోతుంది.

మేడమ్ ఆమె పక్కన బండ మీద కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు. ఎక్కువ మాట్లాడనూ లేదు. ఏ నెలలో ఏ చెట్టు చిగురిస్తుంది, జీవాలు దేన్ని తింటాయి, దేన్ని వదిలేస్తాయి అని అప్పుడొక ప్రశ్న, అప్పుడొక ప్రశ్న. లింగమ్మ చెబుతూ మధ్యలో ఆగి, "ఇవన్నీ నీకెందుకు టీచరమ్మా, చెట్ల చదువు చదివినావు గద" అంది. "చదివినానక్కా. ఈ కొండ నాకు పాఠం చెప్పలేదు. అందుకే వొచ్చినా" అన్నారు మేడమ్.

మండలి సమావేశంలో ఆమె తన అభిప్రాయం చెప్పలేదు. చూసింది చూసినట్టు చెప్పి, గొర్రెలవాళ్లను కూడా ఒప్పందంలో మూడో పక్షంగా చేర్చాలనీ, కంచె వద్దనీ, అక్కడి చెట్లే అక్కడ పెంచాలనీ ఒక ప్రతిపాదన ఉందని మాత్రం అన్నారు. అది ఎవరి ప్రతిపాదనో అందరికీ తెలుసు. సమావేశానికి పిలిపించిన కంపెనీ మేనేజరు ఒప్పుకోలేదు.

"గొర్లోళ్లతో ఒప్పందమేంది మేడమ్? ఈపొద్దు ఈడుంటారు, రేపు యాడుంటారో. రోడ్డు మీద పోయేటోళ్లకు తొందరగా పచ్చగా కనపడాల, అంతే. సుబాబులు, నీలగిరి పెట్టండి. రెండు పక్షాలైతేనే సంతకం" అని తేల్చి చెప్పి బయటికి వెళ్లి కూర్చున్నాడు.

మండలిలో అందరికంటే చిన్నవాణ్ని నేనే. ముందు నేనే మాట్లాడాలి. ఫ్యాను ఆగి ఉంది. మేడమ్ తలుపు దగ్గర కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని, నావైపు చూడకుండా కిటికీ వైపు చూస్తున్నారు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని అటు తిరిగారని నాకు తెలుసు. కళాశాలకు సౌకర్యాలు అవసరమనీ, ఎండిన వాలు మీద ఏది పచ్చబడ్డా మేలేననీ, ఊటకు వేరే దారి చూసుకోవచ్చుననీ చెప్పాను.

చేతులు ఎత్తమన్నారు. మేమిద్దరం కాక మిగిలిన తొమ్మిది మందిలో అయిదుగురు ఒప్పందానికి, నలుగురు వ్యతిరేకం. నేను వ్యతిరేకిస్తే చెరి సగం అవుతుంది. అప్పుడు ఆమె ఓటు పడుతుంది. చెరి సగమైతే తప్ప తాను ఓటు వేయకూడదన్నది ఆమె పెట్టుకున్న కట్టుబాటు. నేను చేయి ఎత్తాను, ఒప్పందానికి.

"తీర్మానం అయింది. రాసుకోండి" అన్నారు మేడమ్. అంతే.

బయట వరండాలో ఒక సీనియర్ ఆమెను ఆపి, "మీరు సంతకం పెట్టకపోతే అయిపాయ గద మేడమ్. ప్రిన్సిపాల్ మీరే" అనడం నేను విన్నాను.

"నాకు నచ్చినప్పుడు మండలి, నచ్చనప్పుడు నేనా సార్? అట్లయితే ఇంతమందిని ఉక్కలో కూర్చోబెట్టడమెందుకు? నేనొక్కదాన్నే కూర్చోని టీ తాగి పోతా."

ఆ మాట అని నాలుగడుగులు వేసి, గోడ పక్కన దొంగలా నిలబడ్డ నా దగ్గరికి వచ్చారు. కోప్పడతారనుకున్నాను. కనీసం ముఖం తిప్పుకుంటారనుకున్నాను. "ల్యాబుకు కిటికీలు ఉత్తరం పక్క పెట్టమని చెప్పప్పా. దక్షిణం పక్క పెడితే ఎండకు నీ కలప ముక్కలు పగుల్తాయి" అని చెప్పి వెళ్లిపోయారు.

ఆ తర్వాత జరిగింది మాలో ఎవరూ ఊహించనిది. ఆ కొండ పనికి బాధ్యులు ఎవరన్న ప్రశ్న వస్తే మేడమ్ తన పేరు రాయించుకున్నారు. వానలు పడగానే మొక్కలు దగ్గరుండి నాటించారు. గుంతల లోతు కర్రపుల్లతో కొలిచేవారు. తను వద్దన్న సుబాబుల్ మొక్కను, తను వద్దన్న నీలగిరి మొక్కను, వేరు చుట్టూ మట్టి రాలకుండా రెండు చేతుల్తో దించేవారు. కంచె లేచింది. లింగమ్మ జీవాలు చుట్టూ తిరిగి ఊటకు పోసాగాయి. కంచె అవతల ఆ మంద కదులుతుంటే లేచే దుమ్ము, ఇవతల మా తడి గుంతలు. ఆ రెండింటినీ చూసి మేడమ్ మళ్లీ గుంత మీదికి వంగేవారు.

చలికాలం వెళ్లేసరికి నీళ్ల ట్యాంకర్లు తగ్గాయి. ఎండలు మొదలయ్యేసరికి ఆగిపోయాయి. కంపెనీకి ఏవో ఇబ్బందులు. మేనేజరు ఫోన్ ఎత్తడం మానేశాడు. నా ల్యాబు గోడలు కిటికీల ఎత్తు దాకా లేచి అక్కడే నిలిచిపోయాయి.

ఒక శనివారం మేడమ్ ఆఫీసులో లేరు. బేతంచెర్ల బస్సు ఎక్కారని అటెండరు చెప్పాడు. నాకెందుకో మనసు నిలవక వెనకే వెళ్లాను. వెళ్లేసరికి ఎండ తెల్లగా, రాతిపొడి తెల్లగా, కొండా ఆకాశమూ ఎక్కడ కలుస్తాయో తెలియకుండా ఉంది. ఆ తెలుపులో ఒక మనిషి నడుం మీద ప్లాస్టిక్ బిందెతో మెల్లగా ఎక్కుతూ కనిపించింది. నిజంగా ఉందో, ఎండకు నా కళ్లు చేసిన మాయో అర్థం కాలేదు. దగ్గరికెళితే మేడమ్. కింద బోరింగు దగ్గర నుంచి నీళ్లు మోసి మొక్క మొక్కకూ చెంబెడు పోస్తున్నారు. ఆమెకప్పటికే మోకాళ్ల నొప్పులు. ఇంకో బిందె అందుకున్నాను.

కంచె అవతల లింగమ్మ మందను ఆపి చూస్తోంది.

"నీకు నచ్చని చెట్లు గదా టీచరమ్మా ఇవి. ఏంటికి నీళ్లు మోస్తాండావు?"

"నాకు నచ్చలేదని దానికేం తెల్సక్కా? పెట్టినాం. నీళ్లు పోయాల్సిందే."

లింగమ్మ చేతికర్ర కంచెకు ఆనించి చేయి చాపింది. "అంత దూరం దిగి ఎక్కుతాండావు. ఊట నా పక్క ఉండాది. ఇట్లియ్యి బిందె" అంది. మేడమ్ తీగల మీదుగా ఖాళీ బిందె అందించారు. కొంతసేపటికి అది నిండి తిరిగి వచ్చింది. ఆ ఎండాకాలమంతా శనివారాలు అలా గడిచాయి. దారి మూసేసిన కంచె మీదుగా, దారి పోగొట్టుకున్న మనిషి మాకు నీళ్లందించింది. ఆ బిందె అందుకున్న ప్రతిసారీ నేను తల వంచుకునేవాణ్ని. లింగమ్మ నా సంగతి కనిపెట్టినట్టుంది. ఒకరోజు మేడమ్ దూరంగా ఉన్నప్పుడు, "ఆ సారు శానా బాధ పడతాండాడు, ఏంటికో" అని ఎవరితోనో అన్నట్టుగా గొర్రెలతో అంది.

అయినా మొక్కలు నిలవలేదు. రోహిణీ కార్తె ఎండలకు చాలావరకు కట్టెలైపోయాయి.

తర్వాతి సమావేశంలో ఈ పాపం ఎవరిదన్న మాట వచ్చింది. ఆ రోజు ఒప్పందానికి చేతులెత్తినవాళ్లు తలలు దించుకున్నారు. ఎత్తనివాళ్ల గొంతులు పెరిగాయి. నేను లేచి నిలబడ్డాను. ఆ రోజు నేను చేయి ఎత్తకపోయి ఉంటే ఇది జరిగేది కాదన్నాను. తప్పు నాదేనని ఇంకేదో చెప్పబోతుంటే మేడమ్ అడ్డుకున్నారు.

"కూర్చోప్పా. ఆ పొద్దు మినిట్స్ తీయండి. ఏమని రాసినారు? మండలి తీర్మానించింది అని రాసినారు. ఎవురెవురు చేయి ఎత్తినారో నేనే రాయనీలేదు. మండల్లో నేను ల్యానా? నేనూ ఉండా. అయితే తప్పు నాది కూడా. అందరిదీ."

ఆమె గొంతు తగ్గించి మళ్లీ అన్నారు. "ఇంకోటుంది, అది నా పేరు పెట్టి రాయండి. కంచె వద్దన్నది నేను. పోయిన వారం కంచె లోపల తిరిగి చూసినా. జీవాల నోరు ఒక ఏడాది తగలకపోయేసరికి పాత మోళ్లు లేచినాయి. చిరుమాను, సుండ్ర, బిల్లుడు, అన్నీ ఆ కొండ చెట్లే. రాళ్ల సందున మోకాలెత్తు ఉండాయి. మనం పెట్టినవి పోయినాయి, మనం పెట్టనివి లేచినాయి. కంచె మాటలో నేను తప్పు."

మరుసటి రోజు మండలి మొత్తాన్నీ బస్సులో కొండకు తీసుకెళ్లారు. ఎండిపోయిన మా మొక్కల మధ్య వంగి వంగి చూస్తే, రాతిపొడిలోంచి లేత ఎరుపు చిగుళ్లు. ఎప్పుడో నరికేసిన చెట్లు, ఎవరూ గుర్తుపెట్టుకోని వేర్లు. ఏడాది క్రితం చేతులెత్తి ఒకరికొకరు ఎదురైన మనుషులం, మోకాళ్ల మీద కూర్చుని ఒకరికొకరం ఆ చిగుళ్లు చూపించుకున్నాం.

మేడమ్ మేనేజరు ఇంటికి నేరుగా వెళ్లారు. అతనిదీ బేతంచెర్లే. తలుపు తీసి ఆమెను చూడగానే సిగ్గుపడిపోయాడని తర్వాత అతనే నాకు చెప్పాడు. "ట్యాంకర్ల సంగతి అడగడానికి రాల్యా నాయనా, ఇంకో సంతకం అడగడానికి వొచ్చినా" అన్నారట. ఈసారి అతను కాదనలేదు. ఒప్పందం మళ్లీ రాశారు, మూడు పక్షాలతో. కంచె ఉంటుంది, కానీ దానికి గేట్లు. ఊటకు దారి తెరిచే ఉంటుంది. ఏ ఏడు ఏ పక్కకు జీవాలు పోవాలో గొర్రెలవాళ్లు చెబుతారు.

సంతకాల రోజు లింగమ్మ మా సమావేశం గదికి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది. కాగితం ముందు పెడితే, "ఇంత కాగితంలో నా మాట యాడుండాది, సూపీ" అంది. మేడమ్ వాక్యం కింద వేలు పెట్టి నెమ్మదిగా చదివారు. జీవాలకు గేట్లు తెరిచే ముందు కళాశాలవారు గొర్రెలవారిని అడగాలి అన్న చోట లింగమ్మ ఆపింది.

"అడగల్యాకపోతే?"

"నన్ను నిలదీయి. నేను లేకుంటే ఇతన్ని నిలదీయి" అని మేడమ్ నావైపు చూపించారు. ఆ గదిలో అంతమంది ఉండగా నన్నే చూపించారు. ఆమెకు ఎదురుగా చేయి ఎత్తినవాణ్ని. లింగమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసి సంతకం పెట్టింది. ఆ తర్వాత ఏటా తొలకరికి ముందు నేనే వెళ్లి అడిగాను. ఒక్క ఏడు ఆలస్యమైతే ఆమే ఫోన్ చేసి నిలదీసింది.

కంపెనీ కుదుటపడ్డాక ల్యాబు పూర్తయింది. కిటికీలు ఉత్తరానికి ఉన్నాయి. కొండ పూర్తిగా పచ్చబడిందని చెప్పను. రోడ్డు మీద పోయేవాళ్లకు ఇప్పటికీ అక్కడక్కడ తెలుపు కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లినవాళ్లకు చిరుమాను నీడ దొరుకుతుంది.

రిటైరయ్యాక మేడమ్ కడపలో చెల్లెలి ఇంటికి మారారు. కొన్నాళ్లకు మండలి బాధ్యత నా మీద పడింది. తలుపు పక్క కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పోయిన చలికాలంలో ఆమెను చూడటానికి వెళ్లాను. బాగా చిక్కిపోయారు. మాట గాలిలా ఉంది, వంగితేగానీ వినపడదు. ఒక సంస్థతో భాగస్వామ్యం మీద మండలిలో గొడవలని, ఇద్దరు ప్రొఫెసర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదని, నావల్ల కావడం లేదని చెప్పుకున్నాను.

"కొట్లాడుతాండారంటే ఇంకా వొస్తాండారనే గదప్పా. రాకుండా పోయిన్నాడు భయపడు" అన్నారు.

అలా మాట్లాడుతూనే కళ్లు మూతలు పడ్డాయి. నిద్రపోయారనుకుని లేవబోయాను. కళ్లు తెరవకుండానే, "తలుపు కాడ ఎవురో నిలబడుకోనుండారు. లోపలికి రమ్మను" అన్నారు. తిరిగి చూశాను. గుమ్మంలో ఎవరూ లేరు. పరదా మాత్రం మెల్లగా ఊగుతోంది. అయినా లేచి వెళ్లి పరదా పక్కకు తీసి, "రండి" అన్నాను. ఆమె ముఖం తేలికపడింది. నేను ఆమెతో మాట్లాడిన చివరి రోజు అదే.

కబురు తెలిసిన రోజు మేనేజరుకు ఫోన్ చేసి, లింగమ్మకు ఫోన్లో కాక ఇంటికెళ్లి చెప్పమన్నాను. నేను కడప చేరేసరికి జనం బాగా ఉన్నారు. పాత విద్యార్థులు, ఫారెస్టు ఆఫీసర్లు, కోడుమూరు బంధువులు. ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఆ ఇద్దరు ప్రొఫెసర్లు ఒకే ఆటోలో దిగారు. అంత్యక్రియలు అయిపోయి అందరూ సర్దుకుంటున్న వేళ లింగమ్మ వచ్చింది. రెండు బస్సులు మారి, అడుగుతూ అడుగుతూ వచ్చిందట. గడపకు చేయి తాకించి, లోపలికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. మేడమ్ చెల్లెలు నీళ్లిచ్చింది. తాగి, గ్లాసు పక్కన పెట్టి, నాతో అంది.

"మొన్న కల్లోకి వొచ్చిందప్పా టీచరమ్మ. కొండ మీదికి వొచ్చింది. సంచి లేదు, పుస్తకం లేదు, కాళ్లకు చెప్పులు లేవు. వొచ్చి జీవాల నడుమ కూసుండింది. ఎప్పుడొచ్చినా ఏదోటి అడిగే మనిషి గద. ఏమీ అడగల్యా. అప్పుడే అనుకుంటి."

మేడమ్ చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లింగమ్మ ఏడవలేదు. ఆ రాత్రి అక్కడే పడుకుంది. మరుసటి పొద్దున నంద్యాల వైపు పోయే రైలు ఇద్దరం కలిసే ఎక్కాం. జనం పల్చగా ఉన్నారు. నాకెదురుగా కిటికీ పక్కన కూర్చుని, ఎర్రగుంట్ల దాటకముందే ఆమె నిద్రలోకి జారిపోయింది. అరచేతులు రెండూ ఒళ్లో వెల్లకిలా తెరుచుకుని ఉన్నాయి.

ఏదో చిన్న స్టేషన్లో ఎదురు బండి కోసం రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద మనుషుల్లేరు. ఇంజను చప్పుడు కూడా లేదు. పట్టాల పక్కన పెద్ద నెమలినార చెట్టొకటి నిండా కాసి ఉంది. గాలి వీచింది. చెట్టు మీదున్న కాయలన్నీ ఒక్కసారి లేచాయి. కాగితం కంటే పల్చగా, నాణెమంత గుండ్రంగా, మధ్యలో చిన్న గింజ. వందలకు వందలు, ఎండలో తళుక్కుమంటూ, తొందర లేకుండా తిరుగుతూ వచ్చి కిటికీ ఊచల మధ్య నుంచి లోపలికి దూరాయి. సీట్ల మీద, నా చొక్కా మీద, నిద్రపోతున్న ఆమె నెరిసిన జుట్టు మీద, తెరిచిన అరచేతుల్లో వాలాయి. నేను వాటిని దులపలేదు, ఆమెను లేపలేదు. ఎదురు బండి ఇంకా రాలేదు. అవి వస్తూనే ఉన్నాయి.